పట్నం ఆస్పత్రి ఆగింది, పల్లె ఆస్పత్రి లేచింది

1980ల మొదట్లో థాయ్‌లాండ్ సంపన్న దేశం కాదు. అక్కడి డాక్టర్లలో చాలామంది బ్యాంకాక్ వదిలి కదిలేవాళ్ళు కాదు. పల్లెలో పిల్లవాడికి జ్వరం తగిలితే తల్లిదండ్రులు కూలి మానుకుని, బస్సెక్కి, ప్రావిన్సు కేంద్రంలోని పెద్దాసుపత్రికి వెళ్ళి ఓపీ లైన్లో నిలబడాల్సి వచ్చేది. 1977 నాటికి ప్రభుత్వ ఓపీలో చూపించుకున్నవాళ్ళలో దాదాపు సగం మంది ఇలా పెద్దాసుపత్రులకు వచ్చినవాళ్ళే. పెద్దాసుపత్రి కిక్కిరిసిపోతే దానికి ఇంకో అంతస్తు వేయాలనే ఆలోచనే ఏ ప్రభుత్వానికైనా ముందు తడుతుంది. అది కళ్ళకు కనిపించే పని, జనం కూడా అడిగే పని.

1982 నుంచి 1986 దాకా నడిచిన అయిదో ప్రణాళికలో థాయ్ ప్రభుత్వం ఆ పని చేయలేదు. పట్టణాల్లోని పెద్దాసుపత్రులకు కొత్త పెట్టుబడులు నిలిపేసింది. ఆ డబ్బును ‘ఆంఫో’ ఆస్పత్రులకు, వాటి కింద ఊళ్ళలో ఉండే ఆరోగ్య కేంద్రాలకు మళ్ళించింది. ఆంఫో అంటే జనాభాలో సుమారుగా మన మండలమంత ఉంటుంది, యాభై వేల మంది అటూ ఇటూ. అలాంటి ప్రతిచోటా చిన్న ఆస్పత్రి, నాలుగైదు వేల మందికి నర్సులూ ఆరోగ్య సిబ్బందీ ఉండే ఒక కేంద్రం రావాలన్నది లక్ష్యం. దశాబ్దం తిరిగేసరికి అది చాలావరకు నెరవేరింది. 2000 నాటికి ఓపీ లెక్క తలకిందులైంది. పెద్దాసుపత్రులకు వచ్చేవాళ్ళ వాటా అయిదో వంతు కంటే తగ్గింది, ఊరి ఆరోగ్య కేంద్రాల వాటా దాదాపు సగానికి పెరిగింది.

వర్ధమాన దేశాల్లో ప్రజారోగ్యానికి ప్రాధాన్యాలు ఎలా పెట్టుకోవాలన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఈ నిర్ణయాన్ని ముందు గుర్తు చేసుకోవాలి. థాయ్‌లాండ్ ఏం కట్టిందన్నది ఇందులో సగమే. కొంతకాలం దేన్ని కట్టకూడదో కూడా తేల్చుకుంది, ఆ మాట మీద నిలబడింది. నిలబడటం ఎంత కష్టమో ఊహించవచ్చు. పలుకుబడి ఉన్నవాళ్ళు ఉండేది పట్టణాల్లోనే, పేరున్న స్పెషలిస్టులు పనిచేసేదీ అక్కడే.

మన దేశపు పత్రాలు చూస్తే ఈ రెండో సగమే ఎక్కువగా కనిపించదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచనకు 1946లోనే బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ పూర్తి రూపం ఇచ్చింది. స్వాతంత్ర్యం రాకముందే మ్యాపు చేతిలో ఉందన్నమాట. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఇంకా స్పష్టంగా చెప్పింది: 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలి, వనరుల్లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి వెళ్ళాలి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో ఆ ఖర్చు 1.84 శాతం. అది కూడా కోవిడ్ కాలపు లెక్క. 2013-14లో 1.15 శాతం ఉండేది కాబట్టి పెరిగిన మాట నిజం. మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టే వాటా కూడా ఇదే కాలంలో 64 శాతం నుంచి 39 శాతానికి దిగింది. అయినా మూడింట రెండు వంతులు కింది స్థాయికి వెళ్ళాలంటే పై స్థాయిలో ఏ ఖర్చు వాయిదా పడాలి? ఆ విధానం ఈ సంగతి చెప్పలేదు. వాయిదా వేయాల్సినవి రాయని పత్రం కోరికల జాబితాగానే ఉండిపోతుంది.

జబ్బును చూడాలా, వ్యవస్థను చూడాలా

1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటాలో దేశాలన్నీ కూర్చుని, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అని ప్రకటించాయి. దానికి దారి ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థే అన్నాయి. ఆ మరుసటి సంవత్సరమే ఎదురు వాదన వచ్చింది. పేద దేశాలకు అంత పెద్ద వ్యవస్థ కట్టే తాహతు లేదు కాబట్టి, తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు కాపాడే నాలుగైదు పనులు ఎంచుకుని ముందు అవి చేయాలన్నది ఆ వాదన సారాంశం. టీకాలు, ఓఆర్ఎస్, తల్లిపాలు, పిల్లల బరువు చూడటం లాంటివాటిని యూనిసెఫ్ 1980ల్లో పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ కాపాడిన పిల్లలు లక్షల్లో ఉంటారు. ఈ దారిని తీసిపారేయడం అన్యాయం.

కానీ ఒక్కో జబ్బునూ విడిగా వేటాడే దారి ఎక్కడ తెగుతుందో మలేరియా మనకు ముందే చూపించింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల చావులు ఉండేవని అంచనా. 1950ల్లో మొదలైన డీడీటీ కార్యక్రమంతో 1965 నాటికి కేసులు లక్షకు పడిపోయాయి. చరిత్రలో అరుదైన విజయం అది. తర్వాత 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. దోమలు డీడీటీకి అలవాటు పడటం ఒక కారణం, మందు కొరత ఇంకో కారణం. మూడో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. పిచికారీ దళాల పని ముగిశాక, జ్వరం వచ్చిన ప్రతి ఒక్కరి రక్తం తీసి చూసే బాధ్యత ఊరి ఆరోగ్య కేంద్రాలకు అప్పజెప్పాలి. చాలాచోట్ల ఆ కేంద్రమే లేదు. ఉన్నచోట మనుషులు చాల్లేదు. గెలిచిన యుద్ధాన్ని కాపలా కాసేవాళ్ళు లేక పోగొట్టుకున్నాం.

దీనికి అవతలి వైపు కథ నైజీరియాలో జరిగింది. 2014 జులైలో ఎబోలా సోకిన ప్రయాణికుడు ఒకరు విమానంలో లేగోస్‌లో దిగాడు. కోటికి పైగా జనం ఉన్న నగరం అది. అందరూ మహా విపత్తు వస్తుందనే భయపడ్డారు. పోలియో నిర్మూలన కోసం నైజీరియా అప్పటికే ఒక అత్యవసర కేంద్రాన్ని నడుపుతోంది. ఇల్లిల్లూ తిరగడం తెలిసిన మనుషులు, మ్యాపులు, లెక్కలు రాసే పద్ధతి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ జట్టునే ఎబోలా మీదికి తిప్పారు. రోగులను కలిసిన దాదాపు 900 మందిని గుర్తించి, సుమారు 18,500 సార్లు వాళ్ళ దగ్గరికి వెళ్ళి జ్వరం చూశారు. 20 కేసులు, 8 చావులతో ఆగిపోయింది. అదే వ్యాధి లైబీరియాలో పదివేల మందికి పైగా సోకింది, 4,800 మందికి పైగా చనిపోయారు. యుద్ధాలతో చితికిపోయిన లైబీరియాలో డాక్టర్లను వేళ్ళ మీద లెక్కపెట్టినంత పనయ్యేది.

నైజీరియాలో పోలియో కార్యక్రమం కూడా ఒక్క జబ్బు కోసం పెట్టిందే. తేడా అది మిగిల్చిన దానిలో ఉంది. వేరే జబ్బు వచ్చినా పనికొచ్చే మనుషులనూ పద్ధతులనూ అది మిగిల్చింది. ఒక పథకానికి డబ్బు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ జబ్బు పోయాక, లేదా ఈ డబ్బు ఆగాక, ఊళ్ళో ఏం మిగులుతుంది? 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నపళంగా ఆపినప్పుడు ఆఫ్రికాలో చాలాచోట్ల ఈ ప్రశ్నకు జవాబు తెలిసిపోయింది. హెచ్‌ఐవీ క్లినిక్‌లు మూతపడ్డాయి, పరాయి డబ్బుతో జీతాలు తీసుకుంటున్న ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళిపోయారు.

మనిషి, మాత్ర

అయితే ముందు దేన్ని నిలబెట్టాలి? పుస్తకాలు ఆరు స్తంభాలని, ఎనిమిది అంగాలని చెబుతాయి. పీహెచ్‌సీ గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి వాటిలో రెండే కనిపిస్తాయి: లోపల చూసేవాళ్ళు ఉన్నారా, రాసిన మందు ఉందా. ఈ రెండూ లేనిరోజు అతను ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు. రెండు మూడుసార్లు అలా జరిగితే మళ్ళీ పీహెచ్‌సీ వైపు రాడు.

మందుల సంగతి తమిళనాడు నుంచి నేర్చుకోవాలి. 1994లో అక్కడ మందులు కొనడానికి ప్రత్యేకంగా వైద్య సేవల సంస్థను పెట్టారు. అంతకుముందు కొనుగోళ్ళు చెదిరిపోయి ఉండేవి. ఒకచోట మందు ఎక్స్‌పైరీ అయి పడి ఉంటే ఇంకోచోట దొరికేది కాదు. కొత్త సంస్థ రాష్ట్రమంతటికీ ఒకేచోట టెండరు పిలిచింది. జిల్లాల్లో గోదాములు కట్టింది. వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాకే మందు బయటికి వెళ్ళేలా చేసింది. అన్నిటికంటే తెలివైన పని పాస్‌బుక్. ప్రతి ఆస్పత్రికీ ఏడాదికి ఇంత అని పాస్‌బుక్‌లో రాసి ఇస్తారు. ఆ మొత్తంలో ఏ మందు ఎంత కావాలో ఆ డాక్టరే తేల్చుకుని గోదాము నుంచి తెచ్చుకుంటారు. పైనుంచి వచ్చినదాన్ని సర్దుకోవడం పోయి, అవసరాన్ని బట్టి ఇండెంట్ పెట్టడం వచ్చింది. ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు, గోదాము, రిజిస్టరు, నమ్మకం తప్ప. తర్వాత చాలా రాష్ట్రాలు ఈ నమూనాను తీసుకున్నాయి, తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంస్థలు ఉన్నాయి. సంస్థ పేరు తెచ్చుకున్నంత తేలిగ్గా దాని క్రమశిక్షణ రాదు. పీహెచ్‌సీలో ‘ఈ మందు బయట కొనుక్కోండి’ అని చీటీ రాస్తున్నంతకాలం ఆ పని పూర్తికానట్టే.

మనిషి, మాత్ర రెండూ కలిస్తే ఏమవుతుందో బీపీ నియంత్రణ కార్యక్రమంలో చూడవచ్చు. 2017 చివర్లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన ఈ ప్రయత్నంలో తెలంగాణ తొలి విడతలోనే ఉంది. ఏ మందుతో మొదలుపెట్టాలో, తగ్గకపోతే ఏ మందు కలపాలో ఒక్క పేజీలో రాసిపెట్టారు. ఆ రెండు మూడు రకాల మాత్రలకు కొరత రాకుండా చూసుకున్నారు. కనీసం నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇచ్చారు, అదీ ఇంటికి దగ్గర్లోని సబ్‌సెంటర్లోనే ఏఎన్‌ఎమ్ చేత. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి బీపీ అదుపులోకి వచ్చింది అన్నది పేరు పేరునా రాసుకున్నారు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషికి చేసే వైద్యంతో పోలిస్తే ఈ మాత్రల ఖర్చు చాలా తక్కువ. కూలి పోగొట్టుకుని పట్నం వెళ్ళనక్కర్లేకపోతే మందులు మానకుండా వాడటం తేలిక. వర్ధమాన దేశాల్లో ఇప్పుడు చావులకు పెద్ద కారణాలు గుండెపోటు, పక్షవాతం, షుగర్. ఇవి జీవితాంతం ఉండే జబ్బులు. నెల నెలా దగ్గర్లో మందు దొరికే చోటు లేకుండా వీటిని ఏ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రీ అదుపు చేయలేదు.

పక్కన పడిన పని

జబ్బుపడ్డ మనిషికి వైద్యం చేయడం, ఊరు జబ్బుపడకుండా చూడటం రెండు వేర్వేరు పనులు. రెండోది బాగా జరిగినరోజు ఎవరికీ ఏమీ కనిపించదు. కలరా రాలేదన్నది వార్త కాదు కదా. అందుకే బడ్జెట్లో మొదట కోత పడేది అక్కడే.

1939లో మద్రాసు రాష్ట్రం ప్రజారోగ్య చట్టం చేసింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. మంచినీరు, మురుగు, ఆహారం, అంటువ్యాధుల విషయంలో ఎవరికి ఏ అధికారం ఉందో అందులో రాసి ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఈ చట్టం ఆంధ్రకూ వారసత్వంగా వచ్చింది. తమిళనాడు చట్టంతోపాటు మనుషుల్నీ కాపాడుకుంది. ప్రజారోగ్యానికి విడిగా డైరెక్టరేట్, దానికి సొంత బడ్జెట్, ప్రజారోగ్యంలో చదువు ఉన్న డాక్టర్లతో ప్రత్యేక క్యాడర్. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఈ పని క్లినికల్ వైద్యంలో కలిసిపోయింది. సర్జన్‌గానో ఫిజీషియన్‌గానో జీవితమంతా పనిచేసిన డాక్టరు సీనియారిటీతో జిల్లా ఆరోగ్యాధికారి అవుతారు. ఆయన ఎంత మంచి డాక్టరైనా దోమల సాంద్రత లెక్క, నీటి క్లోరిన్ లెక్క కొత్తగా నేర్చుకోవాల్సిందే. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో వేలమంది శిబిరాల్లో ఉన్నా పెద్ద అంటువ్యాధి రాలేదు. ఆ వారాల్లో నీళ్ళలో క్లోరిన్ చూసినవాళ్ళు, మరుగుదొడ్లు కట్టించినవాళ్ళు అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా అదే పనిలో ఉన్నవాళ్ళు.

తక్కువ ఖర్చుతో చేయగల మార్పు ఇది. కొన్ని వందల పోస్టులు, శిక్షణ, స్పష్టమైన అధికారం చాలు. ఇంతకాలం వెనకపడటానికి డబ్బు లేకపోవడం సాకు కాలేదు.

ఆస్పత్రికి వచ్చాక కూడా

వైద్యం అందుబాటులోకి వస్తే చాలనుకోవడం కూడా తప్పే. సరైన వైద్యం అంది ఉంటే ఆగే చావులు పేద, మధ్యాదాయ దేశాల్లో ఏటా 86 లక్షలని 2018లో ఒక అంతర్జాతీయ కమిషన్ లెక్కగట్టింది. వాటిలో 36 లక్షల మంది వైద్యం దాకా రాలేక చనిపోయారు. మిగిలిన 50 లక్షల మంది ఆస్పత్రికి వచ్చినవాళ్ళే, అక్కడ సరైన వైద్యం జరగక చనిపోయారు. ఈ లెక్క చూశాక ఆస్పత్రి దాకా చేర్చడంతో పని అయిపోయిందని ఎవరూ అనలేరు.

దీనికి ఇంకో ముఖం మన దగ్గరే ఉంది. 2018-20 లెక్కల్లో ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా, ప్రైవేటులో అయితే 80 శాతానికి పైగా సిజేరియన్లే. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. ఆపరేషన్ థియేటరు దాకా తెచ్చిన వ్యవస్థ ఐరన్ మాత్రను ఇంటికి చేర్చలేకపోయింది. శ్రీలంకలో తల్లుల మరణాలు దశాబ్దాల పాటు తగ్గుతూ వచ్చింది కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల చేతుల మీదుగా. తెలంగాణ కూడా ఇటీవలి ఏళ్ళలో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఇది ఆగకుండా పెరగాలి.

వరుస తప్పినచోట

2001లో థాయ్‌లాండ్ ‘30 బాత్’ పథకం తెచ్చింది (బాత్ అక్కడి కరెన్సీ). 1997 ఆర్థిక సంక్షోభం నుంచి ఇంకా పూర్తిగా కోలుకోని రోజులవి. చూపించుకున్న ప్రతిసారీ 30 బాత్‌లు కడితే చాలు, మిగతాది ప్రభుత్వం భరించేది. మరుసటి ఏడాదికి దేశమంతా విస్తరించింది. దాని రూపశిల్పి డాక్టర్ సంగువాన్ నిత్యారంఫోంగ్ గ్రామీణ ఆస్పత్రిలో పనిచేసి వచ్చినవాడు. డబ్బు జబ్బును బట్టి కాక మనిషిని బట్టి వెళ్ళేలా పెట్టారు, మొదటి ఏడాది తలకు సుమారు 1,200 బాత్‌లు. ఆ డబ్బు వెళ్ళింది ఆ మనిషి పేరు నమోదైన ఆంఫో ఆస్పత్రి పరిధికి. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే అక్కడి నుంచి రాయించుకుని వెళ్ళాల్సి వచ్చేది. 1982లో పట్నం ఆస్పత్రులను ఆపి కట్టిన ఊరి కేంద్రాలే లేకపోతే ఈ పథకం కాగితం మీదే ఉండేది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వరుస వేరు. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ లాంటి పెద్ద చికిత్సలతో మొదలైంది. పొలం అమ్ముకోవాల్సిన కుటుంబాలెన్నిటినో అది కాపాడింది. ఆ మేలు అనుభవించినవాళ్ళకు దాని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ కుటుంబాలు జేబులోంచి పెట్టే వైద్య ఖర్చులో పెద్ద భాగం ఆస్పత్రిలో చేరినప్పటిది కాదు, నెల నెలా కొనే మందులది. ఆ మందులు ఈ పథకం పరిధిలోకి పెద్దగా రాలేదు. 2018లో కేంద్రం తెచ్చిన అయిదు లక్షల బీమా కూడా ఆస్పత్రిలో చేరాకే పనికొస్తుంది. తర్వాతి ప్రభుత్వాలు పరిమితిని పెంచుతూ పోయాయి, తెలంగాణలో పది లక్షలు, ఆంధ్రలో పాతిక లక్షలు అన్నారు. ఎన్నికల వేళ పాతిక లక్షలు అనేది వినిపించే అంకె. సబ్‌సెంటర్లో బీపీ మాత్రలు ఏడాదంతా ఉన్నాయన్నది వినిపించే అంకె కాదు.

ఇక్కడ పెద్ద చికిత్సలు వద్దనే వాదన ఎవరూ చేయకూడదు. థాయ్‌లాండ్ కూడా చేయలేదు. 30 బాత్ పథకంలో మొదట డయాలసిస్ లేదు, దేశం భరించలేదన్నారు. కిడ్నీలు పాడైనవాళ్ళు ఊరుకోలేదు, గట్టిగా అడిగారు. ఖర్చుకు తగ్గ ఫలితం అన్న లెక్కలో డయాలసిస్ నెగ్గలేదు. అయినా కుటుంబాలు దివాలా తీస్తున్నాయన్న కారణంతో 2008లో చేర్చారు. అప్పుడు కూడా ఊళ్ళో ఉండేవాళ్ళు వారానికి రెండు మూడుసార్లు పట్నం తిరగనక్కర్లేకుండా, ఇంటి దగ్గరే పొట్ట ద్వారా చేసుకునే పద్ధతికి మొదటి స్థానం ఇచ్చారు. 2022లో ఏ పద్ధతి కావాలో రోగే ఎంచుకోవచ్చన్నారు. దాంతో మిషన్ డయాలసిస్‌కి మారినవాళ్ళు పెరిగి ఖర్చు బరువెక్కింది, చర్చ మళ్ళీ మొదలైంది. పథకంలో కొత్తగా ఏది చేర్చాలన్నా డాక్టర్లు, పండితులు, రోగుల సంఘాలు, సాధారణ పౌరులు కలిపి ఏడు వర్గాలవాళ్ళు ప్రతిపాదించవచ్చు. లెక్కలు వేసేది వేరే సంస్థ, నిర్ణయించేది బోర్డు. ఎందుకు చేర్చారో, ఎందుకు ఆపారో రోగికి తెలుస్తుంది. కాదన్నప్పుడు కారణం చెప్పడం అతనికి ఇచ్చే కనీస మర్యాద.

డయాలసిస్ మాట వస్తే తెలుగువాళ్ళకు ఉద్దానం గుర్తుకు రాక మానదు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఇంటికొకరు అన్నట్టు కిడ్నీ జబ్బుతో పోతున్నారు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేదు. ఎన్నో ఏళ్ళ ఎదురుచూపు తర్వాత డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పింఛను వచ్చింది, వంశధార నీళ్ళు తెచ్చే పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇవన్నీ ఆ ప్రజలకు ఎప్పుడో దక్కాల్సినవి. అయితే ఈ జబ్బు చివరి దశ దాకా నొప్పి లేకుండా, లక్షణం లేకుండా సాగుతుంది. పలాస పడక మీదికి వచ్చేసరికి కిడ్నీ పోయి ఉంటుంది. దాన్ని ముందు పట్టుకోవాలంటే తోట పనికి వెళ్ళే ప్రతి మనిషికీ ఊళ్ళోనే క్రమం తప్పకుండా రక్తం తీసి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. పెరుగుతున్నవాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఉండాలి, బీపీ అదుపులో ఉంచే మాత్రలు ఏ నెలా తప్పకూడదు. ఒళ్ళు నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చే పెయిన్‌కిల్లర్లు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయని ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఆ ఊరి ఏఎన్‌ఎమ్, ఆశా కార్యకర్త. వాళ్ళకు సూది, శాంపిల్ బాక్సు, దాన్ని సాయంత్రంలోగా ల్యాబ్‌కి చేర్చే బండి, నెల జీతం నెలలోనే అందాలి.